కలప దిగుమతిలో మన వెనుకబాటు

చైనాను అన్నింటా దాటిపోవాలని ఉపన్యసించే పెద్దలు, పైన్ అనే మెత్త కలప దుంగల దిగుమతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మౌనం వహించడం తీవ్రంగా ఆలోచించవలసిన విషయం.

ఇరుదేశాలూ ఈ పందెంలో దాదాపు ఒకే కాలంలో అడుగుపెట్టాయి. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో మన అడవుల్లో ఇష్టారాజ్యపు నరుకుడుకు కళ్ళెం పడింది. 1998లో యాంగ్జీ నది పొంగి ఊళ్ళను ముంచెత్తాక, బోడికొండలు నీటిని ఆపలేవని చైనాకు కూడా జ్ఞానోదయమై, సహజారణ్యాల జోలికి పోరాదని ఆజ్ఞాపించింది. సొంత చెట్టును కాపాడుకోవడానికి పరదేశం చెట్టును కొట్టించడమనే ఉదాత్త సిద్ధాంతంలో ఇద్దరికీ భేదాభిప్రాయం లేదు. భేదమంతా ఆకలిలోనే ఉంది.

చైనా మొదట రష్యా అడవుల మీద పడింది. 2007 నుంచి రష్యా ఎగుమతి సుంకం పెంచుకుంటూ పోవడంతో న్యూజిలాండ్ వైపు తిరిగింది. 2022 జనవరిలో రష్యా ముడి పైన్ దుంగలకు పూర్తిగా తలుపులు మూసేనాటికి, అంతకు ముందు ఏడాదిలోనే చైనా 5 కోట్ల ఘనపు మీటర్లకు దరిదాపుగా మెత్త కలప దుంగలను దించుకొని ఉంది. ఆ తరవాత అక్కడ ఇళ్ళ వ్యాపారం చతికిలబడి దిగుమతులూ పడిపోయాయి. వాళ్ళను అందుకోవడానికి మనకు ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు.

మనం మాత్రం గుజరాత్‌లోని కాండ్లా రేవులో న్యూజిలాండ్ పైన్ దించుకోవడం, గాంధీధాం సామిల్లుల్లో కోయించి ప్యాకింగ్ పెట్టెలకూ షట్టరింగ్ పలకలకూ వాడుకోవడం వంటి చిల్లర పనులతోనే సరిపెట్టుకున్నాం. అదైనా సజావుగా సాగిందా అంటే, దుంగల్లోని పురుగు చావడానికి మిథైల్ బ్రోమైడ్ పొగే పెట్టాలని మనం పట్టుబట్టాం, అది ఓజోను పొరను తినేస్తుందని న్యూజిలాండ్‌వాళ్ళు నసిగారు. ఏ పురుగును చంపాలో, ఏ పొరను బతికించాలో తేలేలోపు ఓడలు పలచబడ్డాయి. ఆ సందులో ఉరుగ్వే పైన్ దూరింది.

ఇంతటి జాతీయ అలసత్వంలో ఏదో ఒకటి చేసినవారు మా చిత్తూరు, తిరుపతి జిల్లాలవారే. దిగుమతిలో చైనాను ఓడించలేమని గ్రహించి, దుంగలను ఎదురు దిశలో పంపే మార్గం కనిపెట్టారు. శేషాచలం కొండల్లో పుట్టే ఎర్రచందనం నీటిలో వేస్తే మునిగిపోయేంత బరువు. పైన్‌లాగా తేలికగా ఉండదు కనుక రవాణాకు పాల వ్యాన్లు, టమాటా లోడ్లు అవసరమయ్యాయి. 1995లో అంతర్జాతీయ ఒప్పందం కింద ఆ చెట్టుకు రక్షణ కల్పించినా వీరి ఉత్సాహం చల్లారలేదు. చైనా శ్రీమంతుల ఇళ్ళలో అది సింహాసనంలాంటి కుర్చీ అవుతుంటే, ఆ కొండ కిందే ఇల్లు కట్టుకునే మనిషి టింబర్ డిపోలో నిలబడి, సముద్రాలు దాటి వచ్చిన పైన్ పలక వంకర తిరుగుతుందా లేదా అని మేస్త్రిని అడుగుతున్నాడు.

కాబట్టి ఈ రెండు దేశాల పోలిక పట్టికలో మా ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక వరుస కేటాయించాలని సవినయంగా కోరుతున్నాను. చిక్కల్లా అంకెలతోనే. పట్టుబడిన దుంగల లెక్క టాస్క్‌ఫోర్స్ దగ్గర ఉంటుంది. పట్టుబడనివాటికి బిల్లులు దాచుకున్నవారు గణాంక శాఖకు సహకరించడానికి ఇంతవరకూ ముందుకు రాలేదు.