మేస్త్రీ ఎందుకు దండగ

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో చదువుకున్న మగవాళ్లకి ఈ మధ్య కొత్త జబ్బు పట్టుకుంది. రాత్రి భోంచేసి మంచం మీద వాలి, ఇస్త్రీ చొక్కా నలగకుండా ఎవడో టైల్స్ పరిచేస్తున్న వీడియో చూస్తారు. పది నిమిషాల్లో గది పూర్తవుతుంది. వెనక వీణ కూడా మోగుతుంది. పొద్దున్నే లేచి పళ్లయినా తోముకోకుండా, "ఇందులో ఏముంది, మేస్త్రీ ఎందుకు దండగ" అంటారు. ఆ మాట విన్న ఇల్లాలు చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఆవిడకి అనుభవం ఉంది. గీజరు, మిక్సీ, గేటు తాళం అన్నీ ఈ మాటతోనే పోయాయి.

మా వీధిలో ఈ ఉద్యమానికి అధ్యక్షులు మా బావగారు. బ్యాంకులో రిటైరయ్యారు. జీవితమంతా ఇతరుల సంతకాల్లో వంకరలు పట్టుకున్న మనిషి కాబట్టి గచ్చులో వంకర తన కన్ను దాటిపోదని ఆయన ధీమా. వీధి వైపు పడగ్గదిని ప్రయోగశాలగా ప్రకటించారు.

టైల్స్ కోసం సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లారు. ఆంధ్రాలో పన్ను తక్కువట! 2017లో జీఎస్టీ వచ్చిన సంగతి, టైల్స్ మీద అటూ ఇటూ అదే 18 శాతమన్న సంగతి బ్యాంకు వాళ్లకి ఎవరూ చెప్పలేదు కాబోలు. మిగిలింది ఆటో కిరాయి. మూలల్లో కోతకీ, విరిగేవాటికీ నూటికి పది ఎక్కువ తీసుకోమని షాపతను చెబితే, "అమ్ముకోడానికి అలాగే చెప్తారు" అని లెక్క కట్టి సరిగ్గా సరిపడా తెచ్చారు. తర్వాత ఒక పెట్టె తక్కువైంది. మళ్లీ వెళ్తే ఆ బ్యాచ్ అయిపోయింది. అందుకే ఆ గదిలో బీరువా పక్కన నాలుగు టైల్స్ మిగతావాటికంటే ఒక ఛాయ పచ్చగా ఉంటాయి. బీరువాని అటు జరిపారు. తలుపు సగమే తెరుచుకుంటుంది.

ఇక శాస్త్రం. సెరామిక్ టైల్ అంటే కాల్చిన మట్టి, నీళ్లు తాగుతుంది. ఇసుక సిమెంటు మాలు మీద వేస్తే ముందు నానబెట్టాలి, లేకపోతే మాలులో తడి లాగేసుకుంటుంది. అడ్హెసివ్‌తో అంటిస్తే నానబెట్టక్కర్లేదు, పొడిగా ఉండాలి. ఈ రెండిటిలో ఏది సరైనదో తేల్చుకోలేక బావగారు రెండూ చేశారు. రాత్రంతా డ్రమ్ములో నానబెట్టి, పొద్దున్నే నీళ్లోడుతున్న టైల్స్‌కి అడ్హెసివ్ పెట్టారు. అదైనా పళ్లున్న తాపీతో అడుగంతా సమంగా గీతలు తేలేలా పరచాలి. ఈయన నాలుగు మూలలా నాలుగు, నడిమధ్య ఒకటి, పెసర పునుగుల్లా ముద్దలు పెట్టారు. ముద్దకీ ముద్దకీ మధ్య గాలి. 1936లో ఒడిశాని వేరు చేసినప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేస్తూ గీసిన సరిహద్దు కూడా ఆయన వేసిన మొదటి వరసకంటే తిన్నగా ఉంటుంది.

ఇదంతా ఒక ఎత్తు. గదికున్నది ఒకే గుమ్మం. బావగారు పని ఆ గుమ్మం దగ్గరే మొదలుపెట్టారు.

అవును, సరిగ్గానే చదివారు. గుమ్మం దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ జరుగుతూ, మధ్యాహ్నం మూడింటికి ఎదుటి గోడ కిటికీ కింద చేరారు. వెనక గోడ, ముందు తడి టైల్స్, కిటికీకి ఇనుప గ్రిల్లు. అడ్హెసివ్ బస్తా మీద 24 గంటల దాకా నడవొద్దని రాసి ఉంది. బస్తా ఆయన చేతిలోనే ఉంది. ఎక్కడైనా మినహాయింపు ఉందేమోనని ఆ అక్షరాలని ఆయన మూడుసార్లు చదివారట.

వార్త వీధంతా పాకింది. కిటికీ దగ్గర దర్శనాలు మొదలయ్యాయి. తెలుగువాళ్లు తెలుగులో, ఒడియావాళ్లు ఒడియాలో సలహాలిచ్చారు. రెండు భాషల్లోనూ సలహా ఒకటే, కదలొద్దని. మా అక్క పొడుగు గరిటెతో గ్రిల్లు సందులోంచి ఉప్మా అందించింది. బీపీ మాత్ర చీపురు పుల్లకి గుచ్చి పంపారు. బాత్రూం సంగతేమిటని అడిగిన కుర్రాడికి వాళ్ల నాన్న మొట్టికాయ వేశాడు గానీ, ఆ ప్రశ్న మాత్రం అందరి మనసుల్లోనూ ఉంది. పాత సహోద్యోగి ఒకాయన పెన్షన్ కాగితం మీద సలహా కావాలని వచ్చి, "ఎలాగూ ఖాళీగానే ఉన్నారు కదా" అని అరగంట నిలబెట్టారు. ఇంతలో వంటింటి పిల్లి గుమ్మంలోంచి వచ్చి, టైల్స్ మీద తాపీగా నడుచుకుంటూ గది దాటి, బావగారి భుజం ఎక్కి కిటికీలోంచి వీధిలోకి దూకింది. ఆయన దాని వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. బస్తా చదవడం రాని జీవి!

రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది. దోమలు వచ్చాయి. వంటింట్లోంచి కోడికూర వాసన వచ్చింది. 24 గంటల నియమం అక్కడితో సరి. బావగారు నడిచారు. టైల్స్ కూడా ఆయనతో పాటు నడిచాయి.

మర్నాడు మేస్త్రీని పిలిచారు. రూపాయి బిళ్లతో ఒక్కో టైల్ మీద కొట్టి చూశాడు. డొల్ల, డొల్ల, డొల్ల. అతను నవ్వలేదు. నవ్వే హక్కు ఊళ్లో అందరికంటే అతనికే ఎక్కువ ఉన్నా సరే. పాతవి పెకలించి, కింద ముద్దలు గీకి, మళ్లీ పరచడానికి చదరపు అడుగుకి ఇంత అని చెప్పాడు. బావగారు వెంటనే బేరానికి దిగారు. "సగం పని నేను చేసేశాను కదయ్యా!"

ఇక్కడి దాకా నవ్వుకున్నాం, బాగానే ఉంది. ఇక నాకు నవ్వు రావడం లేదు.

బావగారు తను కోసిన రెండే రెండు టైల్స్‌కి కళ్లద్దాలు, చేతి తొడుగులు, ఫిల్టరున్న మాస్కు ఆర్డరు పెట్టి తెప్పించుకున్నారు. ఫోటో కూడా దిగారు. మేస్త్రీ రోజంతా కోశాడు, మూతికి తువ్వాలు చుట్టుకుని. "నీళ్లేసి కోత్తే దుమ్ము లెగదు బాబూ" అని అడిగాడు. బురదై హాలు పాడవుతుందని ఒప్పుకోలేదు. వరండాలో కోసుకో, చప్పుడికి టీవీ వినబడటం లేదు అన్నారు. తెల్లటి పొడి అతని కనుబొమల మీద, చెవుల్లో, టీ గ్లాసులో. మాస్కు అటక మీద పెట్టెలో ఉంది.

ఆ పొడిలో ఉండేది సిలికా. ఊపిరితిత్తుల్లోకి దిగి మచ్చలు కడుతుంది. సిలికోసిస్ అంటారు. నయం చేసే మందు లేదు. 1997లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ దుమ్ముని మనుషులకి క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో పెట్టింది. 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ని, వస్తే ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల జాబితాలో చేర్చింది. కానీ మన వరండా ఫ్యాక్టరీ కాదుగా! ఎవరు తెలపాలి? ఎవరికి తెలపాలి? ఈ టైల్స్ గుజరాత్ మోర్బీ నుంచి రైళ్లూ లారీలూ ఎక్కి వస్తాయి. గంజాం, గజపతి జిల్లాల కుర్రాళ్లు రైలెక్కి అదే గుజరాత్‌కి సూరత్ మగ్గాల దగ్గరికి పోతారు. ఈ మేస్త్రీ కూడా అలా పోయి వచ్చినవాడే. సొంతూళ్లో పని దొరికిందని సంతోషపడుతున్నాడు పాపం, మన వరండాలో కూర్చుని.

వెళ్లేముందు అతను ఒక కాగితం తీశాడు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు కావాలంటే గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపించాలి. ఇక్కడ చేసిన రోజులకి ఒక సంతకం అడిగాడు. అతని పని సగం పాతపట్నంలో, సగం ఇక్కడ. ఏ రాష్ట్రం దగ్గరికెళ్తే అవతలి రాష్ట్రం రోజులు లెక్కలోకి వస్తాయో అతనికే తెలియదు. బావగారు కాగితాన్ని వెనకా ముందూ తిప్పి చూసి, "రేపు ఏదైనా గొడవైతే నా మెడకి చుట్టుకుంటుంది" అని తిరిగిచ్చేశారు. కూలీలోంచి విరిగిన రెండు టైల్స్ ఖరీదు కూడా కోసుకున్నారు. ఆ రెండూ ఆయన విరగ్గొట్టినవే.

సాయంత్రం ఆ గది ఫోటో కుటుంబం గ్రూపులో పెట్టారు. కింద "స్వహస్తాలతో" అని రాశారు. నలభై మంది చప్పట్లు కొట్టారు. ఇప్పుడు బాత్రూం మీద కన్నేశారు.

వేసుకోండి బావగారూ. నీళ్లు మోరీ వైపు కాకుండా పడగ్గదిలోకి వచ్చేలా వాలు పెట్టుకోండి, అది మీ ఇల్లు, మీ సరదా. మేస్త్రీ ఎలాగూ మళ్లీ వస్తాడు. రాక ఏం చేస్తాడు? అప్పుడు మాత్రం ఆ అటక మీది మాస్కు దించి అతనికివ్వండి, నీళ్లు పోసి కోసుకోనివ్వండి, ఆ కాగితం మీద సంతకం పెట్టండి. సంతకాల్లో వంకరలు పట్టిన చెయ్యి కదా, ఒక్కటి పెడితే అరిగిపోదు.