కుంటి చేపకు కంప్యూటర్ చదువు

చేపను మోసం చేయడం మనిషికి కొత్త కాదు. ఆ మోసంలో వెంట్రుకవాసి తేడా కూడా రాకూడదని పట్టుబట్టడమే కొత్త. గాలానికి ఎరగా చెక్కతో దొంగ చేపల్ని చెక్కే ఈ మహోద్యమంలో నేను కాస్త ఆలస్యంగా చేరాను. మిషిగన్‌లో మా గరాజ్‌లో కారు ఉండాల్సిన చోట ఇప్పుడు సీఎన్‌సీ రౌటర్ ఉంది, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే మర. కారు బయట మంచులో నానుతోంది. దానికేం, కారు చేపల్ని చెక్కలేదు కదా!

పని చాలా తేలిక. ముందు కంప్యూటర్‌లో వేలెడంత చేపను గీయాలి. నాకు నాలుగు వారాంతాలు పట్టింది. ఆ బొమ్మను మరకు అర్థమయ్యే జీ-కోడ్‌లోకి మార్చి, బాల్సా అనే తేలికపాటి చెక్క పలకను బల్లకు బిగించి, మీట నొక్కాలి. గుండ్రటి మొన బిట్టు గీరుకుంటూ గీరుకుంటూ ఒక పక్క చెక్కి పెడుతుంది. ఇక పలకను తిరగేసి రెండో పక్క. ఆ తిరగేయడంలోనే ఉంది తిరకాసంతా. అర మిల్లీమీటరు జరిగిందో, ఎడమ సగం ఒక చేపది, కుడి సగం ఇంకో చేపది అవుతుంది. గుండీలు తప్పు పెట్టుకున్న చొక్కాలా ఉంటుంది.

అక్కడితో మర పని అయిపోతుంది, మన పని మొదలవుతుంది. ఉప్పుకాగితంతో రుద్దడం, పొట్టలో సీసం ముక్క దాచడం, మూతి కింద ప్లాస్టిక్ నాలుక అతికించడం, రంగులు, ఎపాక్సీ పూత, గాలాలు. ఇదంతా చేతిపనే. దీన్నే ఆటోమేషన్ అంటారు.

ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా అనే పేద జాలరి 1936లో ఇదే పని చేశాడు. పాపం, సాఫ్ట్‌వేర్ లేదు. చెప్పులు కుట్టేవాళ్ల కత్తితో బెండు చెక్కి, ఉప్పుకాగితంతో రుద్ది, చాక్లెట్ల మీది తళుకు కాగితం చుట్టి, ఫొటో నెగటివ్‌లు కరిగించి పూత పూశాడు. ఆయన కనిపెట్టిన రహస్యం ఒక్కటే. పెద్ద చేప గుంపులో చక్కగా ఈదేవాటిని వదిలేసి, ఒరుగుతూ తూలుతూ పోయే దాని మీదే పడుతుంది. అంటే మనకు కావలసింది కుంటి చేప. ఏ వంకా లేకుండా చెక్కే యంత్రాన్ని నేను కొన్నది అందుకే.

మా రాష్ట్రంలోనే డొవాజాక్ అనే ఊళ్లో జేమ్స్ హెడన్ అనే పెద్దమనిషి 19వ శతాబ్దం చివర్లో చెక్కతో కప్పల్ని చెక్కి చేపల మీదికి వదిలాడు. నరసాపురం కాలవ గట్టున మా తాతయ్య కొరమేనుకు వేసిందీ కప్పపిల్లనే, కాకపోతే బతికున్నది. ఈ చెక్క కప్ప సంగతి చెబితే "ఏరా, ఆ దేశంలో కప్పలకి కరువొచ్చిందా?" అనేవాడు.

ఇక ఫలితాలు. పన్నెండు చేపలు అచ్చు గుద్దినట్టు వచ్చాయి. చెరువులో వేసి లాగితే, పెళ్లిపందిట్లోకి వచ్చే వియ్యాలవారిలా అటూ ఇటూ చూడకుండా తిన్నగా నడిచాయి. ముక్కు దగ్గరి తీగను పట్టకారుతో ఎంత వంచినా ఆ హుందాతనం పోలేదు. ఒక్క చేపా పలకరించలేదు.

పదమూడోది గుండీలు తప్పిన బాపతు. పారేయబోయి, ఎందుకో విసిరాను. మందు కొట్టినవాడిలా తూలుకుంటూ వస్తుంటే మూరెడు బాస్ చేప ఎగిరి పట్టుకుంది. ఫొటో తీసుకుని, ఇక్కడి పద్ధతి ప్రకారం దాన్ని మళ్లీ నీళ్లలోకి వదిలేశాను. ఫొటో పంపగానే అమ్మ ఫోన్ చేసి, పులుసులోకి చింతపండు ఎంత నానబెట్టావని అడిగింది. సిగ్నల్ సరిగ్గా లేదన్నాను.

ఆ అర మిల్లీమీటరు తప్పును కంప్యూటర్‌లోకి తప్పు లేకుండా ఎక్కించాలని మూడు వారాలుగా గరాజ్‌లోనే కూర్చున్నాను. ఇప్పటికి పదకొండు చెక్కాను. పదకొండూ తిన్నగానే ఈదుతున్నాయి.