పక్క గదికి ఫైలు పంపడానికి ఊరు దాటాలా?

మొన్న తెనాలిలో మా అక్క వాళ్లింట్లో జరిగిన సంగతి ఇది. మేనకోడలి పెళ్లయి మూడు వారాలు. వీడియో అతను ఎడిటింగ్ పూర్తిచేసి, హార్డ్ డిస్క్ తెచ్చి, అంతా మా మేనల్లుడి లాప్‌టాప్‌లోకి ఎక్కించి, తన డిస్క్ తను పట్టుకుపోయాడు. మొత్తం 38 జీబీ. అందులో ముహూర్తం, తలంబ్రాలు ఉన్న ఫైలు ఒక్కటే 22 జీబీ. అమ్మాయి మంగళవారం డాలస్ విమానం ఎక్కాలి. ఈలోగా ఆ వీడియో తన లాప్‌టాప్‌లో పడాలి.

ఆదివారం సాయంత్రం నేను వెళ్లేసరికి మావాడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"పెళ్లి వీడియో గూగుల్ డ్రైవ్‌లో పెడుతున్నా మామయ్యా. అక్కకి లింక్ పంపితే దించుకుంటుంది."

"అక్క ఎక్కడుంది?"

"పక్క గదిలో. సూట్‌కేస్ సర్దుకుంటోంది."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అని మా అమ్మ అంటుండేది. ఇదిగో, కళ్లారా చూశాను. పైగా వీడు కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. నెట్‌వర్క్స్ సబ్జెక్టులో మంచి మార్కులే వచ్చాయట. ఉచితంగా ఇచ్చే 15 జీబీ చాలక నెలకింత అని కట్టే ప్లాన్ కూడా తీసుకున్నాడు. డబ్బులు వాళ్లమ్మవి.

కూర్చోబెట్టి లెక్క వేయించాను. వాళ్లింటి కనెక్షన్ 40 ఎంబీపీఎస్. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. అది సెకనుకు 40 మెగాబిట్లు, మెగాబైట్లు కాదు. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 5 ఎంబీ. అంటే ఒక్క క్షణం కూడా తడబడకుండా నడిచినా 38 జీబీ పైకి పోవడానికి రెండు గంటలు దాటుతుంది. మళ్లీ అదే వైరు మీద కిందికి దిగడానికి ఇంకో రెండు గంటలు. నాలుగు గంటలకు పైగా ఇల్లంతటికీ నెట్ నత్తనడక. ఇదంతా పది అడుగుల దూరానికి!

నా కోపం వాడి మీద కాదు. ఇంటర్నెట్ వేరు, నెట్‌వర్క్ వేరు అన్న ముక్క మనం ఎలా మర్చిపోయామో అని. వీధిలో ఎవరో తవ్వి ఫైబర్ తెంపేస్తే "నెట్ లేదు" అని చేతులు ముడుచుకుని కూర్చుంటాం. కానీ రౌటర్ వెలుగుతున్నంతసేపూ ఇంట్లో రోడ్లు బాగానే ఉన్నట్టు. ఊరికి పోయే బస్సు ఆగితే వంటింట్లోంచి హాల్లోకి రావడం మానేస్తామా?

2001లో మేం అమీర్‌పేటలో రూమ్ తీసుకుని హార్డ్‌వేర్ నెట్‌వర్కింగ్ కోర్సు చేసేవాళ్లం. అప్పట్లో ఆ వీధుల్లో ఏ గోడ చూసినా ఏదో ఒక కోర్సు బ్యానరే. ముగ్గురం, రెండు అసెంబుల్డ్ కంప్యూటర్లు. సికింద్రాబాద్ సీటీసీలో, అంటే కంప్యూటర్ సామాన్ల బజార్లో, కేబుల్ మీటర్ల లెక్కన కొనుక్కొచ్చి, దాని చివర కనెక్టర్ బిగించే క్రింపింగ్ టూల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఒక రాత్రికి అరువు తెచ్చుకున్నాం. కేబుల్ లోపలి ఎనిమిది తీగల వరస ఇది: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. ఎక్కాల్లాగా ఇప్పటికీ నోటికి వస్తుంది. రెండు కంప్యూటర్లను నేరుగా కలపాలంటే రెండో చివర ఆరెంజ్, గ్రీన్ జతలు తారుమారు కావాలి, ఒకరి మాట పోయే తీగ ఇంకొకరి చెవికి తగలాలి కాబట్టి. దాన్నే క్రాస్ కేబుల్ అనేవాళ్లం. మొదటి మూడు కనెక్టర్లు పాడుచేశాం. నాలుగోదానికి లైటు వెలిగింది. తెల్లవారుజాము రెండింటికి ముగ్గురం కలిసి చేసిన గోలకి ఓనర్ ఆంటీ పైకి వచ్చి చీవాట్లు పెట్టింది.

ఇప్పుడు ఆ తంటా కూడా లేదు. ఈ కాలపు లాప్‌టాప్‌కి ఏ కేబుల్ పెట్టినా తారుమారు చేసుకోవడం దానికే తెలుసు.

నెట్ పంచుకోవడం కూడా అప్పుడే మొదలైంది. 1999లో వచ్చిన విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ ఉండేది. ఒక కంప్యూటర్‌కి ఫోన్ లైన్ మీద నెట్ తెచ్చే 56కే మోడెమ్, దాని వెనక రెండోది. మోడెమ్ ఉన్న కంప్యూటర్ 192.168.0.1 అనే నంబరు తీసుకుని ఇంటిపెద్ద అయిపోయేది. అది ఆపేస్తే రెండోదానికి నెట్ పోయినట్టే. మోడెమ్ ఉన్నదాని ఓనరు మావాడొకడు. వాడు అలిగి పడుకుంటే ఆ రాత్రికి మాకు మెయిల్ లేదు. ఫోన్ బిల్లు మూడు వాటాలు వేసేటప్పుడు జరిగిన గొడవలు రాస్తే ఇంకో పోస్ట్ అవుతుంది.

తర్వాత కేబుల్ నెట్ వచ్చింది. ఆ కనెక్షన్ ఇచ్చిన మహానుభావులు ఒక కంప్యూటర్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఫ్యాక్టరీలోనే వేసే గుర్తు నంబరు) రాసుకుని దానికే తాళం వేశారు. రెండో కంప్యూటర్‌కి నెలనెలా అదనం కట్టమన్నారు. ఒక బిందె నీళ్లకి డబ్బు కట్టాక అవి ఎన్ని గ్లాసుల్లో పోసుకుంటే వాళ్లకేం? చిన్న రౌటర్ కొని, దానికి ఆ కంప్యూటర్ మ్యాక్ అడ్రసే తగిలించాం. వాళ్లకి ఒకటే కనిపించేది, లోపల ముగ్గురం వాడుకునేవాళ్లం. తప్పే అంటారా? అననివ్వండి.

సరే, తెనాలికి వస్తాను. మేనల్లుడి లాప్‌టాప్ బరువైనది, నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే ల్యాన్ పోర్ట్ ఉంది. అమ్మాయిది అట్టముక్కంత పల్చన, పోర్ట్ లేదు. యూఎస్‌బీకి పెట్టుకునే గిగాబిట్ (సెకనుకు వెయ్యి మెగాబిట్ల) ల్యాన్ అడాప్టర్ నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. మధ్యలో రెండు మీటర్ల పసుపు కేబుల్. వాడి దానికి 192.168.10.1, అమ్మాయి దానికి 192.168.10.2, రెండూ ఒకే వీధివని చెప్పే మాస్క్ 255.255.255.0 ఇచ్చాం. గేట్‌వే, అంటే బయటికి పోయే దారి, గడి ఖాళీగా వదిలేయాలి, లేకపోతే నెట్‌కి ఏ దారిన పోవాలో తెలియక కంప్యూటర్ తికమక పడుతుంది. నంబర్లు మనం ఇవ్వకపోయినా 169.254తో మొదలయ్యేది ఒకటి విండోస్ తనే పెట్టేసుకుంటుంది. నాకు మాత్రం నా చేత్తో ఇస్తేనే తృప్తి.

కేబుల్ పనికి రెండు నిమిషాలు. విండోస్‌ని ఒప్పించడానికి ఇరవై నిమిషాలు. నా అసలు ఏడుపు ఇక్కడే ఉంది.

ముందు, రెండు కంప్యూటర్లూ ఒకదానికొకటి కనపడవు. కొత్త కేబుల్ తగలగానే దాన్ని బయటి నెట్‌వర్క్ కింద లెక్కేసి, పబ్లిక్ అని రాసుకుని ఫైర్‌వాల్ తలుపు మూసేస్తుంది. దాన్ని ప్రైవేట్ అని మార్చాలి. ఫోల్డర్ షేర్ చేశాక అవతలి నుంచి \\192.168.10.1 అని కొడితే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగింది. మావాడు ధీమాగా రోజూ లాప్‌టాప్ తెరిచే పిన్ చెప్పాడు. చెల్లదంది. ఆ పిన్ ఆ లాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లకే పనిచేస్తుంది, నెట్‌వర్క్ మీద అసలు అకౌంట్ పాస్‌వర్డే కావాలి. అది కొన్న రోజున పెట్టి ఆ రోజే మర్చిపోయాడు. ఈ సంగతి ఆ చిన్న కిటికీలో ఒక్క ముక్క రాస్తే వాళ్ల సొమ్మేం పోతుంది? "తప్పు" అని మాత్రం అంటుంది, ఎందుకో చెప్పదు. చివరికి వాడి లాప్‌టాప్‌లో కాపీ కోసమే ఒక లోకల్ యూజర్‌ని తయారుచేసి, దానికో పాస్‌వర్డ్ పెట్టి లోపలికి వెళ్లాం.

విండోస్ 7తో 2009లో హోమ్‌గ్రూప్ అని ఇచ్చారు. ఒక పాస్‌వర్డ్ ఇంట్లో అన్ని కంప్యూటర్లలోనూ కొడితే అయిపోయేది. మా నాన్నకి కూడా అర్థమైంది. 2018లో తీసేశారు. దాని బదులు ఏం వాడుకోవాలి అంటే తమ సర్వర్లలో ఫైళ్లు దాచే వన్‌డ్రైవ్ చూపించారు. అర్థమైంది కదా? మన ఇంట్లో మనం పంచుకుంటే వాళ్లకి పైసా రాదు. వాళ్ల గోదాములో పెట్టి తీసుకుంటే నెలనెలా అద్దె వస్తుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. తలుపులు బిగించడానికి కారణం లేకపోలేదు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వనాక్రై అనే కంప్యూటర్ పురుగు పాకింది ఈ ఫైల్ షేరింగ్ దారి పాత పద్ధతిలో ఉన్న కంతలోంచే. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ ఏడాది చివరికల్లా కొత్తగా వేసే విండోస్ 10లో ఆ పాత పద్ధతిని ఆపేశారు. మంచిదే. దొంగల భయానికి గడియ పెట్టుకోమనండి, ఒప్పుకుంటాను. ఇంట్లోవాళ్లకే తాళంచెవి ఎక్కడుందో చెప్పకపోతే ఎలా?

ఫోన్ల సంగతి ఇంకో రకం. యాపిల్ వాళ్లకి ఎయిర్‌డ్రాప్, ఆండ్రాయిడ్ వాళ్లకి క్విక్ షేర్, 2025 చివరి దాకా ఎవరి కోట వాళ్లదే. ఫోన్ నుంచి ఫోన్‌కి ఫైళ్లు పంపే షేర్‌ఇట్, జెండర్ ఊళ్లలో అందరికీ అలవాటైపోయాక 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అవీ పోయాయి. నేను లోకల్‌సెండ్ అనే యాప్ వాడతాను. ఉచితం, ఐఫోన్, ఆండ్రాయిడ్, విండోస్, లైనక్స్ అన్నిట్లో ఉంది, ఒకే వైఫైలో ఉంటే చాలు, బయటి నెట్ అక్కర్లేదు. చిన్న ఫైళ్లకి బ్రహ్మాండం. 38 జీబీకి మాత్రం వైరే. రెండు లాప్‌టాప్‌లూ వైఫైలో ఉంటే ఒక్కో ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణం చేయాలి, ముందు రౌటర్‌కి, అక్కణ్నుంచి రెండోదానికి. వేగం సగానికి పడిపోతుంది.

అక్క వాళ్లింట్లో ఇంకో విడ్డూరం కూడా బయటపడింది. మేడ మీదికి సిగ్నల్ రావట్లేదంటే టెక్నీషియన్ ఇంకో రౌటర్ పెట్టి, కింద నుంచి తెచ్చిన కేబుల్‌ని దాని వ్యాన్ పోర్ట్‌లో (బయటి నెట్ కోసం ఉండే కంతలో) గుచ్చి పోయాడు. అంటే ఒకే ఇంట్లో వేరు కాపురం పెట్టించాడన్నమాట. మేడ మీదివాళ్లు కిందికి చూడగలరు, కిందివాళ్లకి మేడ మీద ఎవరున్నారో తెలియదు. మేడ మీది ప్రింటర్ కింద నుంచి పనిచేయట్లేదని బావగారు ఆరు నెలలుగా దాన్ని తిడుతున్నారు. కేబుల్‌ని ల్యాన్ పోర్ట్‌లోకి మార్చి, రెండో రౌటర్‌లో నంబర్లు పంచే డీహెచ్‌సీపీ ఆపేసి, దానికి వేరే నంబరు ఇచ్చాను. మొదటిది అందరికీ నంబర్లు పంచుతుంది, రెండోది ఊరికే దారి చూపిస్తుంది. ప్రింటర్ గరగరమంటూ ఆరు నెలల బాకీ కాగితాలు కక్కింది. బావగారు కాఫీ తెప్పించారు.

ఇంతకీ కాపీ? సెకనుకు 110 ఎంబీ దగ్గర నిలకడగా నడిచింది. 38 జీబీ ఆరు నిమిషాల్లో అయిపోయింది. అవతల మావాడి అప్‌లోడ్ పదకొండు శాతం దగ్గరుంది.

"పెన్‌డ్రైవ్ ఉందిగా, ఇంత రాద్ధాంతం ఎందుకు" అని కామెంట్ పెట్టబోయేవాళ్లకి: ఉంది. అక్క టీవీ పక్కనే ఉంది, 32 జీబీది. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది కాబట్టి 4 జీబీ దాటిన ఫైల్‌ని ముట్టుకోను పొమ్మంది. ఫార్మాట్ చేద్దామంటే అందులో అక్క విష్ణు సహస్రనామం, అన్నమయ్య కీర్తనలు ఉన్నాయి. ఆ పని మీరు వచ్చి చేయండి, నాకు ధైర్యం లేదు.