అరికాళ్ల మంటకు బ్రాండుతో పనిలేదు

మన రాష్ట్రంలో మందు మీద చర్చంటే ధర గురించో బ్రాండు గురించో. 1995లో మద్య నిషేధం, 1997లో ఎత్తివేత, 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకే క్వార్టర్. నాసిరకం సరుకే ఒళ్లు గుల్ల చేస్తుందన్న వాదన ఎంతగా పాకిందంటే, మంచి బ్రాండయితే ఏమీ కాదని నమ్మేవాళ్లు అనంతపురంలో తక్కువేమీ లేరు. కల్తీ ప్రమాదం వేరే సంగతి. నరాలను దెబ్బతీసేది ఇథనాల్, అంటే మందులో మత్తెక్కించే ఆల్కహాలు. అది ఖరీదైన సీసాలోనూ ఉంటుంది.

నడుము నుంచి కాలి వేళ్ల దాకా వెళ్లే నరాలు ఒంట్లో అన్నిటికన్నా పొడవైనవి, దాదాపు మీటరు. ఏళ్ల తరబడి బాగా తాగేవాళ్లలో ముందు పాడయ్యేవి వాటి కొసలే. అందుకే రెండు అరికాళ్లూ మండుతాయి, తిమ్మిర్లెక్కుతాయి, రాత్రిపూట మరీ ఎక్కువ. పోనుపోను మొద్దుబారతాయి. చెప్పు జారిపోయినా తెలీదు, చేలో ముల్లు దిగినా పుండు పడేదాకా తెలీదు.

ఇథనాల్ నేరుగా చేసే నష్టం ఒకటి. పైగా నరాలకు కావాల్సిన బి1 విటమిన్‌ను పేగుల్లోంచి ఒంటికి సరిగా పట్టనివ్వదు. తాగొచ్చి అన్నం ముట్టకుండా పడుకుంటే కొరత ఇంకా ముదురుతుంది. చెనిక్కాయలకు పేరుపడ్డ జిల్లాలో, అందులోనూ బి1 దండిగా ఉండే పంట పండేచోట, ఈ కొరతేంటని అడగొచ్చు. మందులోకి మంచింగుగా నమిలే చెనిక్కాయలు లెక్కలోకి రావు. వాటిని ఒంటబట్టనివ్వనిది పక్కనే గ్లాసులో ఉంది మరి.

మంట మొదలైతే మనవాళ్లు ‘వేడి చేసింది’ అంటారు. మజ్జిగ తాగుతారు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర నరాల బలానికి సూది. షుగర్, బి12 లోపం వల్లా ఇలాగే మండుతుంది కాబట్టి ఆ పరీక్షలు చేయాల్సిందే. కానీ రోజుకెంత తాగుతావని అడిగేవాళ్లేరి? అడిగినా పెళ్లాం పక్కనుంటే ఎవరు నిజం చెబుతారు? రోగిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. ట్యూనింగ్ ఫోర్క్ (తడితే అదిరే రెండు పళ్ల లోహపు కడ్డీ) బొటనవేలికి ఆనించి అదురు తెలుస్తోందా అని చూడాలి. ఈ రెండిటికీ పెద్దాసుపత్రే అక్కర్లేదు, పీహెచ్‌సీ చాలు.

బి1 మాత్రలు చవకే. తాగుతూ మింగితే మాత్రం పెద్దగా ఫలితం ఉండదు. మానేసి సరిగా తింటే నరం కోలుకుంటుంది, మహా అయితే రోజుకో మిల్లీమీటరు చొప్పున. అంటే నెలలు పడుతుంది, కొందరిలో పూర్తిగా కోలుకోదు. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు మాత్రం ఒక్కసారిగా మానకూడదు. రెండు మూడు రోజుల్లోనే వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ చెప్పినట్టే మానాలి.