రౌటర్ టేబుల్ గారికి ఒక విన్నపం

కింద చెక్క చెక్కే మోటారు వేలాడే వడ్రంగి బల్ల, మహారాజశ్రీ రౌటర్ టేబుల్ గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాద్దామంటే మీ నడిమధ్య ఆ మోటారుని మోసే ప్లేటు ఓ మూల లేచి కూర్చుంది, కాబట్టి కుశలం ప్రస్తుతానికి నా ఒక్కడిదే.

మిమ్మల్ని తెచ్చుకున్నది డ్రాయర్లకి గాడులు తీయడానికి, అంచులకి మోల్డింగ్ కొట్టడానికి. చెక్కేమో గోడకి ఆనుకుని అలాగే ఉంది, నేనేమో సెలవు రోజంతా అలెన్ కీ పట్టుకుని మీ పాదసేవలో ఉన్నాను. ప్లేటు కింద మూలకొకటి చొప్పున నాలుగు లెవెలింగ్ స్క్రూలు, సంకీర్ణ ప్రభుత్వంలో నాలుగు పార్టీల్లాగా. ఈ మూలకి పావు చుట్టు ఇస్తే ఎదురు మూల అలుగుతుంది, దాన్ని బుజ్జగిస్తే మొత్తం ప్లేటు టకటకమని ఊగుతుంది. నిజానికి మూడు స్క్రూలతోనే ప్లేటు కుదురుకుంటుంది, నాలుగోది చివర్లో వచ్చి ఊరికే ఆనితే చాలు. అది మాత్రం అందరికంటే ముందే ఎక్కి కూర్చుంటుంది!

స్టీలు స్కేలు అంచు మీద నిలబెట్టి వెనక నుంచి సెల్‌ఫోన్ లైటు వేస్తే, ప్లేటూ టేబులూ కలిసే చోట సన్నటి వెలుతురు గీత. రెండు జిరాక్సు కాగితాల మందం, అంటే సుమారు 0.2 మిల్లీమీటర్లు. ఆ కాస్తకే చెక్క టక్కుమని తట్టుకుని ఆగుతుంది, మోటారుకి బిగించి గిర్రున తిరిగే కోత బిట్ మాత్రం ఆగదు కదా, ఆగిన చోటే తిరిగి తిరిగి అంచు మీద నల్లటి మచ్చ పెడుతుంది. చెక్కని కుడి నుంచి ఎడమకి తోస్తాం గనక కుడివైపు ప్లేటు ఎత్తు ఉండకూడదు, ఎడమవైపు పల్లం ఉండకూడదు. ఇంతకు మించి నేనేమీ అడగట్లేదు.

కొందరు రసమట్టం పెట్టి బుడగ మధ్యలోకి తెమ్మంటారు. బుడగతో నాకేం పనండీ? నేల ఎటు వాలితే మీరూ అటే వాలండి, అభ్యంతరం లేదు, మీ పైభాగమంతా ఒకే చదునులో ఉంటే చాలు. అదీ కష్టమే, ఎందుకంటే మీది ఎం.డి.ఎఫ్. (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలక) ఒళ్లు. ఐదారు కిలోల మోటారు రాత్రింబవళ్లు కింద వేలాడితే నడుం కుంగుతుంది, వానాకాలం తేమకి అంచులు ఉబ్బుతాయి. (కుంగిన నడుముకి స్క్రూల వైద్యం దండగ. ముందు కింద రెండు గట్టి చెక్క బద్దలు పడాలి.)

మీ ఇంట్లో మంచివాడంటే చెక్కని ఆనించి తోసే అడ్డబద్ద, ఫెన్స్ ఒక్కడే. టేబుల్ సా (బల్ల రంపం) ఫెన్స్‌లాగా బ్లేడుకి సమాంతరం, అదీ ఇదీ అని ప్రాణం తీయడు. బిట్ నుంచి దూరం ఎంతన్నదే లెక్క, ఒక చివర బిగించి రెండో చివర కాస్త జరిపితే పని అయిపోతుంది. అంత సర్దుకుపోయేవాణ్ణి వీపున మోస్తూ మీకింత పంతం ఎలా వచ్చిందో!

ఈ ఆదివారం లోపు మూలలు దారికి రాకపోతే గాడులు ఉలితోనే తీసుకుంటాను. దానికి సానపెడితే చాలు.

ఇట్లు,
అలెన్ కీతో తమ పాదాల చెంత

తా.క. బిట్ కాడని బిగించి పట్టుకునే కాలెట్ గారికీ ఓ మాట చెప్పండి. ఆయన కొలత అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల బిట్ వచ్చి ‘కాస్త సర్దుకోండి’ అంటే మొహమాటపడొద్దనండి.