షాక్ ఇస్తే తొందరగా ఇంటికి పంపుతారా?

తీవ్రమైన డిప్రెషన్‌తో వార్డులో చేరిన తమ్ముడికి ఈసీటీ, అంటే తలకి కరెంటు పెట్టి ఫిట్స్ తెప్పించే చికిత్స, జనం షాక్ ట్రీట్‌మెంట్ అనేది, మొదలుపెడితే తొందరగా డిశ్చార్జి చేయొచ్చన్నాడు డాక్టర్. అక్క ఆ మాట దగ్గరే పట్టుకుంది.

అక్క: డాక్టర్ గారూ, మంచం ఖాళీ కావడం ఆసుపత్రికి కావాలి. మాకు కావాల్సింది వాడు బాగుపడటం. అయినా షాక్ పెట్టించుకున్నవాళ్లే వార్డులో ఎక్కువ రోజులు ఉంటారట కదా?

డాక్టర్: పైపైన చూస్తే అలాగే కనిపిస్తుందమ్మా. ఎన్ని మందులు మార్చినా కోలుకోనివాళ్లకే చాలాసార్లు ఇస్తాం. అప్పటికే గడిచిపోయిన వారాలు కూడా ఈసీటీ ఖాతాలోనే పడతాయి. పైగా కోర్సు 6 నుంచి 12 సార్లు, వారానికి రెండు మూడు చొప్పున. 1998లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, చేరిన 5 రోజుల్లోపే మొదలుపెట్టినవాళ్లు ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ల కంటే ముందే ఇల్లు చేరారు.

అక్క: ముందే మొదలుపెట్టింది ఎవరికి? గతంలో ఈసీటీతో కోలుకున్నవాళ్లకే కావచ్చు. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అని లాటరీ తీసి పోల్చిన లెక్క కాదుగా అది.

డాక్టర్: కాదు, ఒప్పుకుంటాను. కానీ అసలు పనిచేస్తుందా అన్నదానికి లాటరీ తీసిన పోలికలే ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి చూసిన 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్షలో మందుల కంటే ఈసీటీదే పైచేయి. మీ తమ్ముడు తిండి మానేసి సెలైన్ మీద ఉన్నాడు. మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుంది.

అక్క: ఫిట్స్ తెప్పిస్తారంటేనే నా గుండె ఆగిపోతోంది.

డాక్టర్: 1938లో రోమ్‌లో మొదలైనప్పుడు మత్తు ఇచ్చేవారు కాదు, ఎముకలు విరిగేవి. ఇప్పుడు మత్తు ఇచ్చాకే చేస్తాం. కండరాలు వదులయ్యే మందు ఎక్కించే ముందు ఒక చీలమండకి బీపీ పట్టీ బిగిస్తాం, ఆ మందు పాదంలోకి దిగకుండా. ఒళ్లంతా కదలకుండా ఉంటే ఆ ఒక్క పాదం మాత్రం అదురుతుంది. దాన్ని చూస్తే ఫిట్ వచ్చిందని మాకు తెలుస్తుంది. సాధారణంగా నిమిషంలోపే ఆగిపోతుంది.

అక్క: ఒళ్లు సరే, జ్ఞాపకాలు? వారం ముందే ఇంటికొచ్చి, కూతురి మొన్నటి పుట్టినరోజు గుర్తులేదంటే, ఆ నష్టం మీ రోజుల లెక్కలో ఎక్కడ రాస్తారు?

డాక్టర్: రాయడం లేదు. రాయాలి. కొత్త విషయాలు గుర్తుండకపోవడం చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. చికిత్సకు ముందు నెలల జ్ఞాపకాలు మాత్రం కొందరికి తిరిగి రావు. కరెంటు పంపే ఎలక్ట్రోడ్లు తలకి ఒక పక్కనే పెడితే ఆ నష్టం తగ్గుతుంది. అలాగే మొదలుపెడదాం.

అక్క: ఇంటికొచ్చాక మళ్లీ తిరగబెడితే?

డాక్టర్: నా భయమూ అదే. 2001లో వచ్చిన ట్రయల్‌లో, ఈసీటీతో కోలుకున్నాక ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్లలో 84 శాతం మందికి 6 నెలల్లో తిరగబెట్టింది. లిథియం, నార్ట్రిప్టిలిన్ అనే మందులు కలిపి వేసుకున్నవాళ్లలో 39 శాతం.

అక్క: మందులు వాడినా పదిమందిలో నలుగురికి! మరి తొందరగా ఇంటికి పంపుతామని మమ్మల్ని ఎందుకు ఆశపెడుతున్నారు? తిండి తినేలా చేస్తామనండి, నమ్ముతాను. ఆ ఆరు నెలలూ వాడిని ఎవరు చూస్తారో, మందులు ఎవరు సరిచేస్తారో కాగితం మీద పెట్టండి. ఆ తర్వాత వాడినే అడుగుదాం.

డాక్టర్: రాసిస్తాను. కానీ రేపటికి వాయిదా వద్దమ్మా, ఇవాళే అడుగుదాం. మనం వాదించుకుంటున్న ప్రతి పూటా అతను పస్తే ఉంటున్నాడు.