ఏం చేయకూడదో ముందు నేర్పాలి

మెడ దగ్గర, సి6 (మెడలోని ఆరో వెన్నుపూస) స్థాయిలో వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి వేళ్లలో కదలిక ఉండదు. మణికట్టును మాత్రం పైకెత్తగలడు. అలా ఎత్తినప్పుడు వేళ్లను ముడిచే కండరాల బిగువు వల్ల వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. ఆ కాస్త పట్టుతోనే చెంచా ఎత్తుతాడు, ఫోన్ పట్టుకుంటాడు. బిగుసుకున్న చోటల్లా సాగదీయాలని నేర్చుకున్న ఫిజియోథెరపిస్టు రోజూ మణికట్టునూ వేళ్లనూ కలిపి వెనక్కి చాపిస్తే ఆ పట్టు సడలిపోతుంది. శ్రద్ధగా చేసిన వైద్యమే చేతిలోని చెంచాను లాగేసుకుంటుందన్నమాట.

ఇంకొకటి చూడండి. గాయం టి6 (ఛాతీ వెనకాల ఆరో వెన్నుపూస) స్థాయిలోగానీ అంతకంటే పైనగానీ ఉన్నవారికి వ్యాయామం మధ్యలో ఉన్నట్టుండి తలనొప్పి వచ్చి, ముఖమంతా చెమటలు పడితే అది రక్తపోటు ఒక్కసారిగా ప్రమాదకరంగా పెరిగే అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా కావచ్చు. మూత్రం పోవడానికి పెట్టిన గొట్టం మెలిక పడటం లాంటి చిన్న కారణానికే రక్తపోటు ఎగబాకుతుంది. తలనొప్పి అన్న మనిషిని పడుకోబెట్టాలనే ఎవరికైనా తోస్తుంది. ఇక్కడ చేయకూడనిది సరిగ్గా అదే. లేపి కూర్చోబెట్టాలి, బిగుతు బట్టలు వదులు చేయాలి, గొట్టం చూడాలి, డాక్టరును పిలవాలి. వీరిలో పై రక్తపోటు మామూలుగానే 90-110 మధ్య ఉండొచ్చు కాబట్టి 140 చూసి ‘పెద్దగా ఏం లేదులే’ అనుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇవన్నీ ప్రత్యేక పునరావాస కేంద్రాల్లో పనిచేసేవారికి కొట్టినపిండి. చిక్కల్లా ఆ కేంద్రం నుంచి రోగి ఇంటికొచ్చాకే. ఆ తర్వాత చూసేది మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పుల మధ్య ఎప్పుడో ఒక్క వెన్నుపాము రోగిని చూసే మామూలు ఫిజియోథెరపిస్టు. ప్రపంచంలో కోటిన్నర మందికి పైగా ఈ గాయాలతో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారందరి దగ్గరికీ నిపుణులు వెళ్లలేరు. మామూలు ఫిజియోథెరపిస్టులకు ఈ గాయాల చికిత్సలో ఇచ్చే ఆన్‌లైన్ శిక్షణను మేం గట్టిగా సమర్థించేది అందుకే.

పాఠాలకు కొరత లేదు. అంతర్జాతీయ వెన్నుపాము సంఘం 2012లోనే ‘ఈలెర్న్ ఎస్‌సీఐ’ పేరిట ఆన్‌లైన్ పాఠాలను అందుబాటులోకి తెచ్చింది. హంగులు పెంచితే చదువు పెరుగుతుందా అంటే అదీ అనుమానమే. బంగ్లాదేశ్‌లో ఫిజియోథెరపీ విద్యార్థులపై జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో, చర్చలతో నలుగురితో కలిసి సాగే పెద్ద ఆన్‌లైన్ కోర్సు చదివినవారికీ, పాఠాలను తమ వీలు చూసుకుని సొంతంగా చదువుకున్నవారికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి ఉన్న డబ్బును వేదికల మెరుగుల మీద కాకుండా రెండు పనుల మీద పెట్టాలన్నది మా మాట.

మొదటిది భాష. ఇంట్లో రోగిని పక్కకు తిప్పేది, కుర్చీలోకి దించేది కుటుంబ సభ్యులే. ఫిజియోథెరపిస్టు నేర్చుకున్నది వారికి అప్పజెప్పాలంటే పాఠం వారి భాషలోనూ ఉండాలి.

రెండోది చేతిపని. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కుకుంటూ పోయి సర్టిఫికెట్ దింపుకోవడం ఎంత తేలికో అందరికీ తెలిసిందే (ఈ విద్యలో మనమంతా ఆరితేరాం). మనిషిని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చేటప్పుడు బరువు ఎటు మొగ్గుతోందో, పిరుదుల చర్మం ఎక్కడ రాసుకుంటోందో, పక్షవాతం వచ్చిన భుజాన్ని ఎక్కడ పట్టుకోకూడదో తెర చూపించగలదు కానీ చేతికి తెలియజేయలేదు. అందుకని కోర్సు చివర పరీక్ష మరోలా ఉండాలి. రోగి అనుమతితో తాను చేసిన చికిత్సను వీడియో తీసి పంపాలి. అనుభవజ్ఞులు దాన్ని చూసి తప్పులు దిద్దాలి. కోర్సు ముగిశాక కూడా ‘ఈ రోగికి ఇలా ఉంది, ఏం చేయను?’ అని అడగడానికి ఒక మనిషి దొరకాలి. ఏడాదికి ఒకరిద్దరు రోగులను చూసేవారికి నేర్చుకున్నది మరుపున పడటం సహజం.

ఇక ఆసుపత్రుల యాజమాన్యాలు. నేర్చుకోవడాన్ని సిబ్బంది సొంత పనిగా చూసి, డ్యూటీ అయ్యాక ఇంటికెళ్లి చదువుకోమంటే సాగదు. ఈ శిక్షణకు పని వేళల్లోనే వారానికి రెండు గంటలు కేటాయించాలి. అదీ కుదరదనే ఆసుపత్రి, వెన్నుపాము దెబ్బతిన్న రోగిని చేర్చుకునేటప్పుడే తమ దగ్గర ఇందులో శిక్షణ పొందినవారు లేరని ఆ కుటుంబానికి చెప్పాలి.